ముందు డెమో, తర్వాత పుస్తకం



హైదరాబాదు అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగి మైత్రీవనం వైపు పది అడుగులు వేస్తే చాలు, ఎవరో ఒకరు చేతిలో పాంప్లెట్ పెడతారు. జావా, పైథాన్, టెస్టింగ్, డేటా సైన్స్, ఆ ఏడు ఏది నడుస్తుంటే అది. ఆ కాగితం మీద కోర్సు పేరుకు దీటుగా పెద్ద అక్షరాల్లో ఇంకో మాట ఉంటుంది. ఫ్రీ డెమో. పొద్దున ఏడున్నరకి ఫలానా సారు క్లాసు ఉంది, వచ్చి కూర్చోండి, వినండి, నచ్చితే ఫీజు కట్టండి. నచ్చకపోతే పక్క బిల్డింగులో ఇంకో సారు ఉన్నారు. ఊరి నుంచి బస్సు దిగిన బీటెక్ కుర్రాడు మొదటి నాలుగు రోజులూ ఈ డెమోలు వింటూ తిరుగుతాడు. ఎక్కడ చేరాలో అతనికి గోడ మీది ఫ్లెక్సీ చెప్పదు. ఆ గంటసేపు సారు పాఠం చెప్పిన తీరే చెబుతుంది.

అక్కడి హాస్టళ్ళలో, ఆ కుర్రాళ్ళలోనే, అమ్మాయిల్లోనే, రాత్రి అందరూ పడుకున్నాక కథలు రాసుకునేవాళ్ళు కూడా ఉన్నారు. కోర్సు విషయంలో వీళ్ళకి ఉన్న తెలివి కథ దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోతుందో నాకు అర్థం కాదు. ఏళ్ళ తరబడి ఎవరికీ చూపించకుండా నవల రాస్తారు. అప్పో సప్పో చేసి అచ్చు వేస్తారు. అప్పుడు మొదలుపెడతారు, పాఠకుడి కోసం వెతకడం. డెమో ఇవ్వకుండానే ఫీజు అడుగుతున్నారన్నమాట.

పుస్తకం రాకముందే రచయిత తనకంటూ ఒక చోటు చూసుకుని, నలుగురికీ కనబడేలా రాయడం మొదలుపెట్టాలా, మొదలుపెడితే ఏది బయటపెట్టాలి, ఏది దాచుకోవాలి అన్నది ఈవేళ నేను మాట్లాడబోయే సంగతి.

మన దగ్గర తొలి పుస్తకం ఎలా వస్తుందో ఈ దారిలో నడిచినవాళ్ళందరికీ తెలుసు. కవిత్వమైనా, కథలైనా ఎక్కువమంది సొంత డబ్బుతోనే వేసుకుంటారు. ఐదొందల కాపీలు, ధైర్యం ఉంటే వెయ్యి. ఒక ఆవిష్కరణ సభ. ఒక అధ్యక్షుడు, ముగ్గురు వక్తలు, తలా ఒక శాలువా. ఆ సాయంత్రం కొన్ని కాపీలు చేతులు మారతాయి, వాటిలో సగం ఉచితమే. మిగిలిన కట్టలు మంచం కిందికి చేరతాయి. పుస్తకం బాగాలేక ఇలా జరిగిందని నేను అనను. చాలాసార్లు బాగానే ఉంటుంది. ఆ పేరు మాత్రం ఎవరూ విని ఉండరు. "ఎవరండీ ఈయన?" అని షాపులో పుస్తకం తిరగేసిన మనిషికి వెనక అట్ట మీద ఒక ఫోటో, పుట్టిన ఊరు, చేస్తున్న ఉద్యోగం తప్ప ఇంకేమీ దొరకదు.

పూర్వం ఈ పరిచయం చేసే పని పత్రికలు చూసుకునేవి. కందుకూరి వీరేశలింగంగారి సంగతే తీసుకోండి. 1874లో ఆయన వివేకవర్ధని పత్రిక పెట్టారు. రాజశేఖర చరిత్రము 1878 నుంచి ఆ పత్రికలోనే విడతలు విడతలుగా వచ్చింది. పుస్తకంగా వచ్చింది 1880లో. అంటే తెలుగు నవల అనగానే మనం మొట్టమొదట చెప్పుకునే ఆ పుస్తకానికి, అది పుస్తకం కాకముందే పాఠకులు ఉన్నారు. పైగా ఆ పత్రిక ఆయన సొంతం. ఏ సంపాదకుడి ఉత్తరం కోసమూ ఆయన గుమ్మంలో నిలబడనక్కర్లేకపోయింది.

చాసోగారి విషయం ఇంకా విచిత్రం. విజయనగరంలో కూర్చుని 1940ల తొలి సంవత్సరాల నుంచి కథలు రాస్తూ వచ్చిన మనిషి. ఆయన కథల సంపుటి వచ్చింది 1968లో. పాతికేళ్ళ పాటు ఆయన పేరు మీద కథల పుస్తకం లేదు. అయినా తెలుగు కథ గురించి మాట్లాడేవాళ్ళెవరూ ఆయన పేరు చెప్పకుండా దాటలేదు. శ్రీశ్రీ మహాప్రస్థానం కవితలు చాలామటుకు 1930లలో రాసినవి. దానికి చలం ముందుమాట 1940లో రాశారు. పుస్తకం అచ్చయింది 1950లో. ఆ పదేళ్ళూ ఆ కవితలు ఖాళీగా కూర్చోలేదు. పత్రికల్లో వచ్చాయి, సభల్లో చదివారు, కుర్రాళ్ళు నోట్‌బుక్కుల్లో ఎక్కించుకున్నారు.

హైదరాబాదుకి వస్తే, నేను తరచూ తలచుకునేది గోలకొండ కవుల సంచిక. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని అప్పట్లో ఎవరో ఒక మాట అన్నారు. 1926 నుంచి గోలకొండ పత్రిక నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డిగారికి అది తగలవలసిన చోట తగిలింది. ఊరూరికీ కబురు పెట్టారు. పద్యాలు తెప్పించారు. 1934లో ఒక సంచిక వేశారు. అందులో ఉన్న కవులు 354 మంది! గ్రామాల్లో పాఠాలు చెప్పుకునేవాళ్ళు, వ్యవసాయం చేసుకునేవాళ్ళు, గుమాస్తాలు, పండితులు. వీళ్ళంతా అప్పటికే రాస్తున్నారు. సంచిక కోసం కొత్తగా పుట్టినవాళ్ళు కాదు. అయినా "లేరు" అనిపించుకున్నారు. ఎందుకంటే బయటివాడికి కనబడే చోట వాళ్ళ రాత లేదు. ఆ తప్పు వాళ్ళదని కూడా అనలేం. అచ్చుయంత్రాలూ పత్రికలూ తక్కువ, రాజభాష వేరు. ఇవాళ జేబులో ఫోను పెట్టుకుని తిరిగేవాళ్ళు ఆ సాకు చెప్పడానికి లేదు.

పంజగుట్ట చౌరస్తా నుంచి సోమాజిగూడ ఎంత దూరం? ఓపికుంటే నడిచిపోవచ్చు. ఒకప్పుడు రాష్ట్రం నలుమూలల నుంచీ నవలల కట్టలు అక్కడి చిరునామాకి పోస్టులో వచ్చేవి. అక్కడి ఈనాడు సంస్థ 1978లో చతుర, విపుల మాసపత్రికలు మొదలుపెట్టింది. చతురలో నెలకో పూర్తి నవల. కాగితానికి ఒకవైపే రాయాలి, తిరుగుటపాకు స్టాంపులు అంటించిన కవరు జతచేయాలి. నవల తీసుకుంటే రచయిత పేరు ఒక్క నెలలో వేల ఇళ్ళకి, రైలు ప్రయాణాలకి, అద్దెకిచ్చే లైబ్రరీలకి చేరిపోయేది. అటు వారపత్రికల్లో సీరియల్ వైభవం వేరు. యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళం ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. అది పుస్తకంగా వచ్చేనాటికి కొనేవాళ్ళు ముందే తయారై కూర్చున్నారు. రేడియో కూడా తన వంతు చేసింది. యువవాణిలో పది నిమిషాల కథానిక చదివి, కాంట్రాక్టు కాగితం ఇంట్లో అందరికీ చూపించుకుని, ఆ ఉత్సాహంతో రచయితలైనవాళ్ళు ఈ నగరంలో చాలామంది ఉన్నారు.

ఆ తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. 2020 లాక్‌డౌన్‌తో నవ్య వారపత్రిక ఆగింది, ఆంధ్రభూమి ఆగింది. 2021 నాటికి చతుర, విపుల కూడా ఆగాయి. స్వాతి వస్తోంది, దినపత్రికల ఆదివారం అనుబంధాలు ఉన్నాయి, ఇంటర్నెట్‌లో 1998 నుంచి నడుస్తున్న ఈమాట ఉంది, సారంగ ఉంది. ఉన్నాయి కానీ, రాసేవాళ్ళు పెరిగి, అచ్చు పేజీలు తగ్గాయి. ఇన్ని కథల్లో మీ కథ వంతు ఎప్పుడొస్తుందో చెప్పలేం. అందుకే కొత్తవాళ్ళు తమ డెమో తామే ఏర్పాటు చేసుకోక తప్పదంటున్నాను.

అచ్చు బయట తెలుగు రచయితలు సొంత చోటు వెతుక్కున్న కాలం ఒకటి ఇరవై ఏళ్ళ కిందటే వచ్చి వెళ్ళింది. అమీర్‌పేట నుంచి యూసఫ్‌గూడ వెళ్ళే దారిలో కృష్ణకాంత్ పార్కు ఉంది కదా, ఆ చెట్ల కింద ఆదివారాల్లో తెలుగు బ్లాగర్లు గుండ్రంగా కూర్చుని సమావేశాలు జరుపుకునేవారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, రిటైరైన గుమాస్తాలు, గృహిణులు, విద్యార్థులు. అప్పటికి కంప్యూటర్లో తెలుగు రాయడమే పెద్ద గండం. నాగార్జున వెన్న చేసిన పద్మ అనే ఉపకరణం ఆధారంగా వీవెన్ 2006లో లేఖిని తయారుచేశారు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే పక్క పెట్టెలో తెలుగు అక్షరాలు పడేవి. ఆ ఏడాదే కూడలి అనే సంకలిని వచ్చింది. ఎవరు కొత్త టపా రాసినా కూడలిలో కనబడేది. మీరు అనామకులైనా సరే, రాత్రి రాసింది పొద్దున్నకి అమెరికాలోనూ ఆముదాలవలసలోనూ చదివేవారు. ఈతెలుగు పేరుతో ఆ మిత్రులే హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి, దారినపోయేవాళ్ళని పిలిచి కీబోర్డు మీద తెలుగు కొట్టడం నేర్పారు. అమ్మడానికి ఆ స్టాలులో ఏమీ లేదు. పుస్తకాల గురించి మాట్లాడుకోవడానికే 2009లో పుస్తకం డాట్ నెట్ వచ్చింది.

ఆ రాతలన్నీ గొప్పవని నేను అనను. రాజకీయాల మీద కొట్లాటలు, కులాల మీద కోపాలు, బామ్మ చేసిన ఆవకాయ మీద అంతులేని కన్నీళ్ళు, అన్నీ ఉండేవి. వాటి మధ్య నుంచే కొందరికి గొంతు కుదిరింది. కె.ఎన్. మల్లీశ్వరి జాజిమల్లి పేరుతో బ్లాగులో రాసిన చిన్న కథనాలు ఆ పేరుతోనే పుస్తకమయ్యాయి. నవతరంగం వెబ్‌సైటులో సినిమాల గురించి రాస్తూ, రాయిస్తూ వచ్చిన వెంకట్ సిద్ధారెడ్డి తర్వాత కథలూ రాశారు, అన్వీక్షికి పేరుతో ప్రచురణ సంస్థా నడిపారు. కొత్తవాళ్ళ పుస్తకాలకి అది ఒక తలుపు అయింది. ఫేస్‌బుక్ వచ్చాక బ్లాగర్లు అటు తరలిపోయారు. సంకలినులు చాలావరకు ఆగిపోయాయి. తరలిపోయినవాళ్ళని తప్పుపట్టను. జనం ఎక్కడుంటే రచయిత అక్కడికే వెళతాడు. కాకపోతే ఫేస్‌బుక్‌లో ఉదయం రాసింది సాయంత్రానికి కిందికి జారిపోతుంది. రెండేళ్ళ కిందట రాసిన మంచి పేజీ కావాలంటే రాసినవాళ్ళకే దొరకదు. అందుకని, ఫేస్‌బుక్‌లో కూడా పెట్టండి, వద్దనను. అసలు ప్రతి మాత్రం పేరు పెట్టి, తేదీ వేసి, వరస తప్పకుండా మీ సొంత చోట ఉంచుకోండి. అది బ్లాగే కానక్కర్లేదు. వరసగా చదువుకోవడానికి, వెతికితే దొరకడానికి వీలుంటే చాలు.

నాకు తెలిసిన ఒక అమ్మాయి ఉంది. పేరు చెప్పను. అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ టెస్టింగ్ కోర్సు చేసింది, ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. నవల రాయాలని ఆమె కోరిక. నవల రాస్తూనే, వారానికొక పేజీ చొప్పున బయట రాయడం మొదలుపెట్టింది. అందులో నవల ముక్క ఒక్కటీ లేదు. ముగ్గురు పంచుకునే గదిలో ఎవరి బకెట్ ఎక్కడుండాలనే తగాదా. రాత్రి తొమ్మిది దాటితే కర్రీ పాయింట్‌లో ఏ కూర మిగులుతుంది, ఏది మిగలదు. ఇంటర్వ్యూకి వెళ్ళే రోజు గదిలో అందరిలోకీ మంచి చుడీదార్ ఎవరిదో వాళ్ళు అడగకుండానే తీసిచ్చే మర్యాద. ఇవన్నీ రాసింది.

ఒక వారం బల్కంపేట ఎల్లమ్మ గుడి గురించి రాసింది. అక్కడ మెట్లెక్కి పైకి వెళ్ళి అమ్మవారికి దణ్ణం పెట్టుకుంటారని అందులో ఉంది. మర్నాడే ఒక పెద్దాయన రాశారు. ఆయన పుట్టింది, పెరిగింది బల్కంపేటలోనేట. "అమ్మా, మా ఎల్లమ్మ పైన ఉండదు. బావిలో ఉంటుంది. నేల మట్టానికి కిందికి చూసి మొక్కాలి. ఆషాఢంలో కల్యాణానికి రా, నేనే చూపిస్తా" అని. ఆ పిల్ల మరుసటి ఆదివారమే గుడికి వెళ్ళి చూసి వచ్చింది. నవలలోనూ ఆ గుడి సన్నివేశం ఉంది. తల ఎత్తి మొక్కడానికీ, వంగి కిందికి చూసి మొక్కడానికీ ఎంత తేడా ఉందో రాసేవాళ్ళకి వేరే చెప్పాలా? సన్నివేశమంతా తిరగరాసింది. ఏ ఎడిటరూ పట్టుకోలేని తప్పు అది. అచ్చయిపోయాక అయితే ఆ పెద్దాయన పుస్తకం మూసి పక్కన పెట్టేవారు, ఈమెకి ఆ సంగతి తెలిసేది కూడా కాదు.

ఇలా ముందుగా రాయడంలో లాభం ప్రచారం అనుకుంటారు చాలామంది. ప్రచారం వస్తే రానీయండి. నా లెక్కలో అసలు లాభం ఆ పెద్దాయనే. రాసిన ప్రతి పేజీకీ ఎదుట ఒక మనిషి ఉన్నాడని చేతికి తెలుస్తుంది. వాక్యం మారుతుంది. చూపించుకునే పదాలు వాటంతట అవే రాలిపోతాయి. వారం వారం ఒక వేళకి రాయవలసి రావడం ఇంకో లాభం. పొద్దున ఏడున్నర క్లాసుకి సారు రెండు రోజులు రాకపోతే బ్యాచ్ మొత్తం పక్క బిల్డింగుకి వెళ్ళిపోతుంది. రచయితకీ అంతే. నెలకి ఒక్క పేజీ అయినా ఫరవాలేదు, చెప్పిన వేళకి రావాలి.

ఇక ఏది బయటపెట్టకూడదన్న మాట. కొత్తవాళ్ళు ఎక్కువగా దెబ్బ తినేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. మన పత్రికలకీ, కథల పోటీలకీ ఏ రచన పంపినా దానితో హామీపత్రం జతచేయాలి. ఈ రచన నా సొంతం, దేనికీ అనువాదం కాదు, అనుకరణ కాదు, ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదు, ప్రస్తుతం ఏ పత్రిక పరిశీలనలోనూ లేదు అని రాసి సంతకం పెట్టాలి. పూర్వం "ఎక్కడా ప్రచురితం కాలేదు" అంటే అచ్చులో రాలేదనే అర్థం చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడు చాలా పోటీల నిబంధనల్లో విడమరచి రాస్తున్నారు. బ్లాగుల్లో, ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గుంపుల్లో, యాప్‌లలో వచ్చినా అది ప్రచురితమైనట్టే లెక్క. ఇరవై మంది స్నేహితులు చూసి లైకు కొట్టిన కథ మీ దృష్టిలో అచ్చు కాని కథే కావచ్చు, పోటీ పెట్టినవాళ్ళ దృష్టిలో కాదు. బహుమతి ప్రకటించాక ఎవరో స్క్రీన్‌షాట్ పంపుతారు. బహుమతి పోతుంది. డబ్బు కన్నా ముందు పేరు పోతుంది.

అందుకని పోటీకి, పత్రికకి పంపాలనుకున్న కథని బయట పెట్టకండి. ఒక్క పేరా కూడా వద్దు. డెమోలో సిలబస్ అంతా చెప్పేసే సారు అమీర్‌పేటలో ఒక్కరైనా ఉన్నారా? కథకి బదులుగా పెట్టడానికి బోలెడున్నాయి. మీరు చదివిన పుస్తకం గురించి రాయండి, అట్ట వెనక ఉన్న సారాంశం కాకుండా మీకు ఎక్కడ తగిలిందో అది రాయండి. మీ ఊరి గురించి, మీ పని గురించి రాయండి. మీరు డయాలిసిస్ టెక్నీషియన్ అయితే, మెట్రోలో టికెట్ కౌంటర్లో కూర్చునేవారైతే, పంజగుట్టలో బట్టల షాపులో నిలబడేవారైతే, ఆ లోకం మాలాంటివాళ్ళకి తెలియదు. ఆ పేజీలే మీ కథలకి పాఠకుణ్ణి తెస్తాయి. ఇక మీ నవల త్వరలో వస్తోందని వారం వారం చాటింపు వేయడం, అట్ట బొమ్మ నాలుగు రంగుల్లో మార్చి మార్చి చూపించడం లాంటివి చదివేవాళ్ళకి విసుగు. నాకైతే మరీను.

నవల మొత్తం విడతలుగా ఉచితంగా పెట్టి గెలిచినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. అమెరికాలో ఆండీ వియర్ అనే కంప్యూటర్ ప్రోగ్రామర్, మార్షియన్ నవలని 2009 నుంచి అధ్యాయం తర్వాత అధ్యాయంగా తన సొంత వెబ్‌సైటులో పెట్టాడు. చదివినవాళ్ళలో సైన్సు తెలిసినవాళ్ళు లెక్కలు తప్పయితే రాసి చెప్పారు, అతను దిద్దుకున్నాడు. కిండిల్‌లో చదువుకుంటామని వాళ్ళే అడిగితే 99 సెంట్లకి పెట్టాడు. 2014లో పెద్ద ప్రచురణ సంస్థ పుస్తకం వేసింది, 2015లో సినిమా వచ్చింది. ఈ కథ చెప్పి మన కుర్రాళ్ళు నాతో వాదిస్తారు. కానీ అక్కడి పాఠకుల సంఖ్య వేరు, అక్కడి ప్రచురణకర్త లెక్క వేరు. మన దగ్గర కొత్త రచయిత పేరు ఈనాటికీ కథల పోటీల ద్వారా, బహుమతుల ద్వారా పైకి వస్తోంది. ఆ దారి మీద నడవదలిస్తే దాని నియమం పాటించాలి. ఆ దారి నాకు వద్దు అనుకుంటే, ఆండీ వియర్ లాగే మొత్తం పెట్టేయండి, అదీ మర్యాదైన దారే. రెండు దారుల్లోనూ ఒకేసారి కాలు పెట్టడమే ప్రమాదం.

"బయట పెడితే ఎవరైనా కొట్టేస్తే?" అని అడుగుతారు. సినిమావాళ్ళుండే కృష్ణానగర్ పక్కనే ఉండటం వల్లనో ఏమో, ఈ భయం మన ప్రాంతంలో మరీ ఎక్కువ. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని ప్రకారం రాసిన క్షణం నుంచే హక్కు మీది. రిజిస్టర్ చేయించితేనే హక్కు వస్తుందన్నది అపోహ. రచయిత తర్వాత కూడా అరవై ఏళ్ళు ఆ హక్కు వారసులకి ఉంటుంది. అయితే ఆలోచనకి హక్కు లేదు, మీరు రాసిన రాతకే హక్కు. అందుకని తేదీతో సహా బయట ఉన్న పేజీ, ఆ రాత ఫలానా రోజుకే ఉందనడానికి మీకు ఒక ఆధారం కూడా. సినిమాకి పనికొస్తుందనుకున్న కథ అయితే మాత్రం ఎక్కడా పెట్టకుండా, ముందు సినీ రచయితల సంఘంలో నమోదు చేయించుకోండి. మిగతా రాతల విషయంలో, కొత్త రచయితకి దొంగల బెడద కన్నా ఎవరూ చదవకపోవడమే ఎక్కువ బెడద. నిష్ఠూరమైనా నిజం.

చివరగా ఒక చిన్న పని విషయం. పంజగుట్టలో ఒక సందులో డీటీపీ సెంటరు ఉంది, మెట్ల కింద గది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, గోడకి తిరుపతి వెంకన్న క్యాలెండరు. శుభలేఖలు, ఓపెనింగ్ కరపత్రాలు, అప్పుడప్పుడు ఒక కవిత్వ పుస్తకం. అక్కడ కూర్చునే ఆయన ఏళ్ళ తరబడి అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో పనిచేస్తున్నారు. మనం ఫోనులో కొట్టేది యూనికోడ్. దాన్ని ఆయన అను లోకి మార్చాక తెర మీద చూస్తే అంతా బాగానే ఉన్నట్టుంటుంది. నిదానంగా చదివితే తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ అన్న మాటలో ట వత్తు పక్కనే వకారం వత్తు కూడా పడి సాఫ్ట్వేర్ అయి కూర్చుంటుంది. కొటేషన్ గుర్తుల స్థానంలో ఏదో వింత అక్షరం వచ్చి ఉంటుంది. క్షకారాలు ఎక్కడెక్కడ విరిగాయో ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, వేలు తెర మీద ఆనించి వెతుకుతారు. "ముందే నాకిస్తే అనూలోనే కొట్టేవాణ్ణి గదా సార్" అంటారు. ఆయన మాట ఆయన పనికి నిజం. మీకు మాత్రం యూనికోడే శరణ్యం. అను ఫాంటులో ఉన్న రాతని గూగుల్ వెతకలేదు, ఫోనులో ఎవరూ చదవలేరు. అసలు ప్రతి యూనికోడ్‌లో ఉంచుకోండి. ప్రూఫులు మీరే చూసుకోండి, రెండుసార్లు, కాగితం మీద. రేపు సొంతంగా పుస్తకం వేస్తే ఐఎస్‌బీఎన్ సంఖ్యకి ఎవరికీ డబ్బు ఇవ్వనక్కర్లేదు. రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉచితంగా ఇస్తుంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. దానికి కూడా ఒక ప్యాకేజీ ధర చెప్పేవాళ్ళుంటారు, జాగ్రత్త.

అచ్చుకి ఇచ్చేముందు అమీర్‌పేట జిరాక్స్ షాపుల్లో మెటీరియల్‌కి చేసినట్టే నవలని స్పైరల్ బైండింగ్ చేయించి, మీ పేజీలు వరసగా చదివి ఉత్తరాలు రాసిన నలుగురైదుగురికి ఇవ్వండి. చుట్టాలకి ఇవ్వకండి, వాళ్ళు బాగుందనే అంటారు.

రాయని శ్రోతలకి కూడా ఒక విన్నపం ఉంది. మీ ఫోనులోకి ఎప్పుడైనా ఒక కొత్త పేరుతో ఒక పేజీ వస్తుంది. చదువుతారు. చదివి బొటనవేలు బొమ్మ పెట్టి వదిలేస్తారు. ఈసారి అలా వదలకండి. ఎక్కడ ఆసక్తి తగ్గి ఆగిపోయారో, ఏ వీధి పేరు తప్పు పడిందో, మీ ఇంట్లో ఆ మాట ఎలా అంటారో ఒక్క వాక్యం రాసి పంపండి. రాసినవారికి దానితో చాలా పని ఉంది.